ముగ్గురాయి తడిస్తే ఎవరి నెత్తిన?

మంగంపేట అంటే ముగ్గురాయి. పుస్తకాల్లో బెరైటీస్ అని రాసే ఈ ఖనిజం ఒకేచోట ఇంత పెద్దగా దొరకడం ప్రపంచంలోనే అరుదు. ఓబులవారిపల్లె మండలంలోని ఈ గనిని ఏపీఎండీసీ నడుపుతోంది. రాయిని కొని పొడి చేసే పల్వరైజింగ్ మిల్లులు చుట్టుపక్కల ఉన్నాయి. పేరు ముగ్గురాయే గానీ ఎక్కువగా పోయేది చమురు బావుల్లోకి. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే ఈ పొడిని బురదలో కలిపి బావిలోకి పంపితే, కిందినుంచి తన్నుకొచ్చే గ్యాసును ఆ బరువే అణిచిపెడుతుంది. అందుకే విదేశాల్లో దీనికి గిరాకీ.

సరే, మిల్లులో సంచికెత్తిన పొడి అంతదూరం పోయేలోపు తడిస్తే నష్టం ఎవరిది? అమ్మినోడిదా, కొన్నోడిదా?

దీనికి జవాబు కాంట్రాక్టులో మూడక్షరాల్లో ఉంటుంది. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదలుపెట్టిన ఈ నియమాల పేరు ఇన్‌కోటర్మ్స్. ఇప్పుడు నడిచేది 2020 కూర్పు, అందులో 11 పదాలు. ఇవి ప్రభుత్వ చట్టాలు కావు. కాంట్రాక్టులో రాసుకుంటేనే వర్తిస్తాయి.

మనవాళ్లకు బాగా అలవాటైన మాట ఎఫ్.ఓ.బి. సరుకు ఓడెక్కేదాకా పూచీ అమ్మినవాడిది, ఎక్కాక కొన్నవాడిది. పొడిని లూజుగా ఓడలో నింపేటప్పుడు ఇది సరిగ్గా సరిపోతుంది. చిక్కంతా కంటైనర్లతోనే.

ఒక చిన్న మిల్లు అనుకుందాం. 100 టన్నుల పొడిని జంబో సంచుల్లో, 4 కంటైనర్లలో చెన్నైకి పంపింది. యార్డులో అప్పజెప్పి లారీలు వెనక్కి వచ్చేశాయి. ఓడ వచ్చేది ఇంకో నాలుగు రోజులకు. ఆ నాలుగు రోజులూ సరుకు మన కళ్లముందు లేదు, మన చేతిలో లేదు. కానీ ఎఫ్.ఓ.బి. అని రాసుకున్నాం కాబట్టి పూచీ మాత్రం మనదే! 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై ఎట్లా మునిగిందో చూశాం కదా. అట్లాంటి వారంలో నీళ్లు లోపలికి పోతే పొడి గడ్డ కడుతుంది, కొన్నవాడు వద్దంటాడు. ఆ దెబ్బ మిల్లు కూలీల బట్వాడా మీద పడుతుంది.

కంటైనర్ సరుకుకు ఎఫ్.సి.ఎ. వాడమని ఆ మండలే చెబుతోంది. ఇందులో చెప్పిన చోట, కొన్నవాడు పెట్టుకున్న రవాణా సంస్థకు సరుకు అప్పజెప్పగానే మన పూచీ తీరిపోతుంది. "మరి బ్యాంకు ఓడెక్కినట్టు రాసిన బిల్ ఆఫ్ లేడింగ్ అడుగుతుంది కదా?" అంటారా? 2020 కూర్పులో దానికీ దారి పెట్టారు. ముందే ఒప్పుకుంటే, ఓడెక్కాక ఆ బిల్లు అమ్మినవాడికి ఇమ్మని కొన్నవాడే రవాణా సంస్థకు చెప్పాలి.

సి.ఐ.ఎఫ్. దగ్గర తికమక ఇంకో రకం. దమ్మామ్ దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్సు అమ్మినవాడే కడతాడు. కాబట్టి దమ్మామ్ దాకా పూచీ కూడా ఆయనదే అనుకుంటారు చాలామంది. కాదు. డబ్బు ఆ ఒడ్డు దాకా కడతాడు, పూచీ మాత్రం ఈ ఒడ్డున ఓడెక్కగానే చేతులు మారుతుంది. పైగా సి.ఐ.ఎఫ్.లో ఆయన తీసుకోవాల్సింది కనీస స్థాయి ఇన్సూరెన్సే. సరుకు విలువకు 10 శాతం కలిపి తీసుకుంటాడు గానీ, నీళ్లు లోపలికి చేరి సరుకు తడిస్తే అది మామూలుగా ఆ పాలసీలోకి రాదు. పెద్ద పాలసీ కావాలంటే కొన్నవాడు ముందే అడిగి రాయించుకోవాలి.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కు పని మారేటప్పుడు, ఏ నిమిషం నుంచి ఎవరిదో రాసుకోకపోతే అర్ధరాత్రి ఫోను ఎవరికి పోవాలో తేలదు. సరుకు సంగతీ అంతే. సంతకం పెట్టేముందు మూడు చూసుకోండి: పదం పక్కన చోటు పేరు స్పష్టంగా ఉందా? "ఇన్‌కోటర్మ్స్ 2020" అని రాశారా? మన పూచీ ఉన్నంత దూరం మన పేరున ఇన్సూరెన్సు ఉందా? ఎఫ్.ఓ.బి., ఎఫ్.సి.ఎ.లలో ఇన్సూరెన్సు తీసుకోమని ఎవరినీ బలవంతపెట్టరు. మిల్లు గేటు నుంచి చెన్నై దాకా అది మనమే చూసుకోవాలి.