లావని వెనక్కి పంపొద్దు

ముట్లుడిగి ఆరేళ్లయిన ఆడమనిషికి ఒకరోజు చీర మీద ఎర్రటి మరక కనిపిస్తుంది. 'వేడి చేసిందేమో' అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటుంది. సిద్దిపేట జిల్లాలో రంగనాయకసాగర్ ఒడ్డునున్న చంద్లాపూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా జరిగేది ఇదే. అలా రక్తం కనిపించిన ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ ఉంటుంది. ముఖద్వారానికి చేసే క్యాన్సర్ పరీక్షను నమ్ముకుంటే ఇది దొరకదు. ఆ మరకే తొలి హెచ్చరిక.

ఈ జబ్బుకూ ఊబకాయానికీ దగ్గరి చుట్టరికం. అండాశయాలు విశ్రమించాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. దానికి పగ్గం వేసే ప్రొజెస్టెరాన్ మాత్రం ఉండదు. దాంతో లోపలి పొర దట్టమవుతుంది, ఒక్కోసారి క్యాన్సర్‌గా మారుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30 శాతం మందిది అధిక బరువే.

తెల్లబట్టకూ నడుంనొప్పికీ గర్భసంచి తీసేయించిన నేల మనది. అదే సర్వే 2015-16 విడతలో దేశం మొత్తమ్మీద ఆ ఆపరేషన్ అయినవారు 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అక్కర్లేనివారికి అంత తొందరగా పడిన కత్తి, క్యాన్సర్ వల్ల ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైన భారీకాయురాలి దగ్గరికొచ్చేసరికి 'బరువు తగ్గి రామ్మా' అనడం అన్యాయం.

మత్తు డాక్టర్ల భయం ఉత్తిది కాదు. చిన్న రంధ్రాల ఆపరేషన్‌కు తలవైపు కిందికి వంచి పడుకోబెడితే పొట్ట బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది. అలాగని పెద్ద కోత పెడితే కుట్లకు చీము పట్టే ముప్పు ఎక్కువ. అందుకే చిన్న రంధ్రాల ఆపరేషనే కావాలి. తొలిదశలో అది పెద్ద కోతకు ఏమాత్రం తీసిపోదని 760 మందిపై జరిపి 2017లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోనివారికి గర్భసంచిలో హార్మోన్ లూప్ వేయొచ్చు. ఆస్ట్రేలియా వైద్యులు 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఈ పద్ధతిలో తొలిదశ క్యాన్సర్ ఉన్నవారిలో 43 శాతం మందికి ఆరు నెలల్లో జబ్బు ఆనవాళ్లు పోయాయి. సగానికి పైగా మందికి పోలేదనీ గుర్తుంచుకోవాలి. కాబట్టి లూప్ వేసి మరిచిపోకూడదు, కొన్ని నెలలకోసారి ముక్క తీసి పరీక్షించాల్సిందే. రేడియేషన్ కూడా మరో దారి.

2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన 'ఆరోగ్య మహిళ' మంగళవారం క్లినిక్‌లలో ముట్లుడిగాక రక్తం కనిపించిందా అన్న ప్రశ్న ప్రతి మహిళనూ అడగాలి. అవునంటే స్కానింగ్, ముక్క పరీక్ష సిద్దిపేటలోనే జరగాలి. లూప్ ఖర్చునూ, తరవాతి పరీక్షలనూ ఆరోగ్యశ్రీ భరించాలి. భారీకాయులకు సరిపడే ఆపరేషన్ బల్ల, అనుభవమున్న మత్తు డాక్టర్ ఎక్కడ ఉంటే అక్కడికి చీటీ రాసి చేతులు దులుపుకోకుండా, తేదీ ఖాయం చేసి పంపాలి. బరువు తగ్గమనడం మంచి సలహానే. అది చికిత్సతోపాటు సాగాలి, చికిత్సకు ముందు పెట్టే షరతు కారాదు.