ఏ నేలకు ఏ గోధుమ?

దక్షిణ ఢిల్లీలోని సాకేత్ వంటి సంపన్న ప్రాంతాల దుకాణాల్లో మామూలు గోధుమపిండి సరసన స్పెల్ట్, ఎమ్మర్, ఖప్లీ అనే పేర్లతో 'ప్రాచీన గోధుమల' పొట్లాలు కొలువుదీరుతున్నాయి. సేంద్రియ ముద్ర కూడా ఉంటే ధర మరింత పలుకుతోంది. ఈ గిరాకీని చూసి రాజధాని పరిసర గ్రామాల రైతులకు స్పెల్ట్ వేద్దామన్న ఆలోచన కలగడం సహజమే. కాని ఈ విషయంలో అంగడిని చూసి తొందరపడడం ప్రమాదకరం.

స్పెల్ట్ మధ్య ఐరోపా పంట. జర్మనీలోని స్వాబియా, స్విట్జర్లాండ్, బెల్జియంలోని ఆర్డెన్స్ ప్రాంతాల్లో సారం తక్కువైన నేలల్లోనూ అది తరతరాలుగా నిలదొక్కుకుంది. నత్రజని మితిమీరితే పొడుగాటి ఆ పైరు నేలకొరుగుతుంది. రసాయన ఎరువులు వాడని రైతులు దానిని ఆదరించడానికి అదొక కారణం. గింజను అంటిపెట్టుకుని ఉండే గట్టి పొట్టు మరో రక్ష. అయితే అక్కడ సాగయ్యే రకాల్లో అత్యధికం చలికాలానికి ముందు విత్తేవి. కొన్ని వారాలపాటు గడ్డకట్టే స్థాయికి చేరువైన చలి సోకితే తప్ప అవి సకాలంలో వెన్ను వేయవు. నవంబరులో విత్తి ఏప్రిల్‌లో కోసే ఢిల్లీ, హర్యానా ఒండ్రునేలల్లో అంతటి చలి నిలకడగా ఉండదు. ఆలస్యంగా వెన్ను తీసిన పైరు గింజ పాలుపోసుకునే వేళకు ఎండలు ముంచుకువస్తాయి. 1901 నుంచి నమోదైన మార్చి నెలల్లో అత్యంత వేడిగా గడిచిన 2022 మార్చిలో ఇక్కడి వాతావరణానికి అలవాటుపడిన గోధుమ సైతం దెబ్బతిన్నది. 11.13 కోట్ల టన్నుల దిగుబడి అంచనాను కుదించవలసి వచ్చింది. మే 13న ఎగుమతులపై నిషేధమూ తప్పలేదు. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలలో స్పెల్ట్‌ను పరీక్షించి చూడవచ్చునేమో గాని, మైదానాలకు అది తగిన పంట కాదు.

ఇంతకూ పొట్టు వీడని గోధుమ కోసం ఐరోపా దాకా పోనవసరం లేదు. ఎమ్మర్ జాతికి చెందిన ఖప్లీ ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్రల్లో అనాదిగా ఉన్నదే. కన్నడిగులు జవె గోధి అంటారు. రవ్వకు పేరుపడినందున దీనికి రవ్వ గోధుమ అన్న పేరూ ఉంది. వేడిని స్పెల్ట్ కంటే బాగా ఓర్చుకుంటుంది. కాండానికి సోకే నల్ల తుప్పు తెగులును తట్టుకునే జన్యువులను ప్రపంచంలోని గోధుమ పరిశోధకులు ఈ ఖప్లీ నుంచే గుర్తించారు. పొడుగు పైరు పడిపోయే లోపాన్ని ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం డి.డి.కె. శ్రేణి పొట్టి రకాలతో చాలావరకు సరిదిద్దింది. పుణేలోని అఘార్కర్ పరిశోధనా సంస్థ, వెల్లింగ్టన్‌లోని పూసా ప్రాంతీయ కేంద్రం కూడా రకాలను అందించాయి. అయినప్పటికీ దేశంలోని గోధుమ విస్తీర్ణంలో ఖప్లీ వాటా ఒక శాతం దాపునే ఉండడం శోచనీయం.

లోపం విత్తనంలో లేదు. నూర్చిన తర్వాత కూడా పొట్టు వీడదు కనుక దానికి ప్రత్యేక మర కావాలి. తూకంలో గణనీయమైన భాగం పొట్టుకే పోతుంది. 2026-27 మార్కెటింగ్ సీజనుకు కేంద్రం ప్రకటించిన క్వింటాలుకు రూ.2,585 మద్దతు ధర మామూలు గోధుమను దృష్టిలో ఉంచుకున్నదే. ఖప్లీకి ప్రత్యేక ధర లేదు. ఇక సేంద్రియ ధృవీకరణ కావాలంటే జాతీయ కార్యక్రమం నిబంధనల ప్రకారం వార్షిక పంటలకు విత్తడానికి ముందే రెండేళ్ల పరివర్తన కాలం గడవాలి. ఆ రెండేళ్లూ దిగుబడి తగ్గినా ధర మాత్రం పెరగదు. ఆ నష్టాన్ని చిన్నకారు రైతు ఒంటరిగా భరించలేడు. పరివర్తన కాలానికి తగిన సహాయం, సాగు ప్రాంతాల్లోనే పొట్టు తీసే మరలు కల్పించడం ప్రభుత్వానికి అలవికాని భారమేమీ కాదు.

కొనుగోలుదారు విషయంలో నిర్లక్ష్యం ఇంకా అపాయకరం. స్పెల్ట్‌లో 42 క్రోమోజోములు, ఖప్లీలో 28 ఉంటాయి. రెండూ వేర్వేరు జాతులు. రెండింటినీ ఒకే పేరుతో అమ్మడం తగదు. రెండింటిలోనూ గ్లూటెన్ ఉంది. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించితే గ్లూటెన్ రహితమని చెప్పరాదని ఆహార భద్రతా ప్రమాణాలు స్పష్టం చేస్తున్నాయి. ఢిల్లీ పరిసరాల్లో ఎయిమ్స్ వైద్యులు జరిపి 2011లో వెల్లడించిన సర్వేలో దాదాపు నూటికొకరికి గ్లూటెన్ సరిపడని సీలియాక్ వ్యాధి ఉన్నట్లు తేలింది. ప్రాచీన గోధుమ కదా, హాని చేయదని నమ్మి ఈ పిండితో రొట్టె చేసుకుంటే ఆ రోగులకు మామూలు గోధుమ చేసే కీడే జరుగుతుంది.