తిరగేసిన తరగతి: ఇంటికి పంపింది పాఠాన్నా, బాధ్యతనా?

పాఠం బడిలో, అభ్యాసం ఇంట్లో. తరతరాలుగా చదువుకు అలవాటైన క్రమం ఇది. దీన్ని తిరగవేసి, పాఠాన్ని వీడియోగా ఇంటికి పంపి, ఇంటి లెక్కలను తరగతిలోకి తెచ్చుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్న చిన్న పుస్తకం ‘ఫ్లిప్ యువర్ క్లాస్‌రూమ్’. జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు అమెరికన్ ఉపాధ్యాయులు 2012లో దీన్ని వెలువరించారు. అదే సంవత్సరం సల్మాన్ ఖాన్ రాసిన ‘ది వన్ వరల్డ్ స్కూల్‌హౌస్’ కూడా వచ్చింది. హైస్కూలు గణితాన్ని ఎలా చెప్పాలన్న చర్చ ఎక్కడ జరిగినా ఈ రెండు పుస్తకాల నీడ దాని మీద పడుతూనే ఉంది. బహ్రెయిన్‌లో పిల్లలను చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలు వీటిని చదవడం అవసరం. చదివి, అన్నిటికీ తల ఊపకపోవడం మరీ అవసరం.

బెర్గ్‌మన్, శామ్స్ కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ అనే ఊళ్లో రసాయనశాస్త్రం చెప్పేవారు. ఆటలపోటీల కోసం దూరాలు వెళ్లే పిల్లలకు పాఠాలు తప్పిపోతున్నాయని 2007లో తమ బోధనను వీడియోలుగా పట్టి ఉంచడం మొదలుపెట్టారు. బడికి వచ్చిన పిల్లలు కూడా వాటిని చూడసాగారు. అప్పుడు వారికి ఒక విషయం స్ఫురించింది. పిల్లవాడికి గురువు పక్కనే ఉండవలసింది పాఠం వినేటప్పుడు కాదు, లెక్క మధ్యలో కలం ఆగిపోయినప్పుడు. పాత పద్ధతిలో ఆ క్షణానికి గురువు తన ఇంట్లో ఉంటాడు, పిల్లవాడు తన ఇంట్లో ఉంటాడు. పుస్తకానికి ప్రాణం ఈ పరిశీలనే. తొంభై నిమిషాల తరగతిలో స్వయంగా చేసే పనికి పాత పద్ధతిలో ఇరవై నుంచి ముప్ఫై అయిదు నిమిషాలు మిగిలితే, కొత్త పద్ధతిలో డెబ్బై అయిదు నిమిషాలు దక్కుతాయని వారు పట్టిక వేసి చూపించారు.

సల్మాన్ ఖాన్ దారి వేరు. 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి గణితం చెప్పడంతో ఆయన ప్రయాణం మొదలైంది. తరువాత వీడియోలు పెడితే, ఎదుట ఉన్న ఆయనకంటే తెర మీది ఆయనే నయమని ఆ పిల్లలు అన్నారట. తెరను ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు, అదే మాట పదిసార్లు అడిగినా విసుక్కోదు. అవమానభయం లేని చోట చదువు సాగుతుందన్న ఈ మాటలో నిజం ఉంది. తరగతిలో ‘అర్థం కాలేదు’ అనడానికి పదమూడేళ్ల పిల్లవాడికి ఎంత ధైర్యం కావాలో మరిచిపోయిన పెద్దలకు ఈ పుస్తకం మంచి జ్ఞాపిక.

అయితే గణితంలో అర్థం కావడం, అర్థమయినట్టు అనిపించడం ఒకటి కావు. ఉదాహరణకు వర్గసమీకరణాన్నే తీసుకుందాం. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పదిరెట్లు కలిపితే 39 వచ్చింది. ఆ సంఖ్య ఎంత? తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వివరించిన లెక్క ఇది. వీడియోలో గురువు ‘ఇరువైపులా 25 కలుపుదాం’ అంటాడు. చూస్తున్నంతసేపూ అంతా నల్లేరు మీద నడకలాగే ఉంటుంది. ఆ 25 ఎక్కడినుంచి వచ్చిందని మరునాడు అడిగితే పిల్లవాడు నీళ్లు నములుతాడు. అదే తరగతిలో కాగితం మీద ఒక చతురస్రం గీయించి, దాని రెండు పక్కల అయిదేసి వెడల్పు గల పట్టీలు అతికించమంటే, మూలన ఒక ఖాళీ కనబడుతుంది. అయిదు అయిదుల ఆ ఖాళీయే 25. దాన్ని పూడిస్తే 64 వైశాల్యం గల పెద్ద చతురస్రం ఏర్పడుతుంది. భుజం 8, అందులో 5 తీసివేస్తే 3. ఆ ఖాళీ మూలను పిల్లవాడు తన వేలితో తాకిన క్షణం కోసమే తరగతి ఉన్నది. తిరగేసిన తరగతి ఆ క్షణానికి చోటిస్తే అది గొప్ప పద్ధతి. ఇవ్వకపోతే బడి చేయవలసిన పనిని ఇంటి మీదికి నెట్టివేయడమే.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. వీధిబడిలో పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. గురువు ఆగినచోట మాత్రమే కలుగజేసుకునేవాడు. మద్రాసు ప్రాంతంలో ఆ బడులను చూసిన ఆండ్రూ బెల్, 1797లో ఆ పద్ధతిని వర్ణిస్తూ ఇంగ్లండులో పుస్తకం అచ్చువేశాడు. వైద్యవిద్యలోనూ ఇదే జరిగింది. జాన్స్ హాప్‌కిన్స్‌లో విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాసశాల నుంచి రోగి మంచం పక్కకు నడిపించాడు. ప్లీహం గురించి పుస్తకంలో ఎక్కడైనా చదువుకోవచ్చు. వాచిన ప్లీహాన్ని చేతికి తగిలించి చూపడానికి మాత్రం గురువు పక్కన ఉండాలి.

ఇక రుజువుల సంగతి. 2017లో హాంకాంగ్ పరిశోధకులు గణితానికి సంబంధించిన 21 తులనాత్మక అధ్యయనాలను కలిపి పరిశీలించారు. సగటు లాభం ప్రామాణిక విచలనంలో సుమారు 0.3 వంతు అని తేలింది. అంటే పాత పద్ధతిలో వందమందిలో యాభయ్యో స్థానంలో ఉండే పిల్లవాడు సుమారు ముప్ఫై ఎనిమిదో స్థానానికి ఎక్కినట్టు. తీసిపారేయవలసిన లాభం కాదు, పండుగ చేసుకోవలసినదీ కాదు. కానీ సగటు ఎప్పుడూ పూర్తి కథ చెప్పదు. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో వెయ్యిమందికి పైగా విద్యార్థులతో, ఎవరికి ఏ పద్ధతో చీట్లు వేసినట్టు నిర్ణయించి ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. గణితంలో వెంటనే కొంత మేలు కనబడింది. చివరి పరీక్షనాటికి అది కరిగిపోయింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. లాభం ఎక్కువగా ముందునుంచీ బాగా చదివేవారికే దక్కింది, వెనుకబడినవారితో అంతరం పెరిగింది. అందరికీ కంప్యూటరు, క్రమశిక్షణ, చిన్న తరగతులు ఉన్నచోటే ఇలా జరిగిందంటే, మామూలు బడుల సంగతి ఊహించవచ్చు. సగటు రోగికి మేలు చేసి, బలహీనుడికి కీడు చేసే మందును ఎవరికి ఇస్తున్నామో చూడకుండా రాయకూడదు.

బహ్రెయిన్ ఈ విషయంలో ఒక విచిత్రమైన పాఠశాల. గల్ఫ్‌లో ఆధునిక విద్యకు ముందుగా తలుపులు తెరిచిన చోట్లలో ఇదొకటి. ముహర్రక్‌లోని బాలుర పాఠశాల 1919 నాటిది. సాంకేతికతను బడుల్లోకి తేవడానికి ‘భవిష్యత్ పాఠశాలలు’ అనే పథకం 2005లో ఆచరణలోకి వచ్చింది. 2020 ఫిబ్రవరి చివర మహమ్మారి వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు తెర మీదికి మారాయి. అంతర్జాతీయ గణిత పరీక్ష ‘టిమ్స్’లో ఎనిమిదో తరగతి సగటు 2011లో 409 ఉండగా 2019 నాటికి 481కి చేరింది. అభినందించవలసిన పెరుగుదలే. అయితే అదే పరీక్షలో ఇక్కడి ఆడపిల్లలు మగపిల్లలకంటే స్పష్టంగా ముందుంటున్నారు. ప్రభుత్వ బడులు బాలురకు, బాలికలకు వేరువేరు. మంత్రిత్వశాఖ ఒకటే, పాఠ్యపుస్తకాలు ఒకటే, ఆన్‌లైన్ వేదిక ఒకటే. అయినా ఫలితాలు వేరైతే, తేడా తెరలో లేదని ఒప్పుకోక తప్పదు. అది తరగతి వాతావరణంలో, గురువు శ్రద్ధలో, ఇంటి ఆశల్లో ఉండి తీరాలి.

ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది భారతీయ పాఠ్యప్రణాళిక నడిచే బడుల్లో చదువుతారు. పదో తరగతి అయ్యాక కొందరిని హైదరాబాదుకో విజయవాడకో పంపి, ఇంటర్మీడియెట్‌తో పాటు పోటీపరీక్షల శిక్షణలో చేరుస్తారు. అక్కడ నిలదొక్కుకోవాలన్న భయంతో ఎనిమిదో తరగతి నుంచే ట్యూషన్లు మొదలవుతాయి. ఆ పిల్లవాడు ఒకే పాఠాన్ని బడిలో ఒకసారి, ట్యూషన్‌లో మరొకసారి వింటున్నాడు. దానికి రాత్రిపూట వీడియోను కూడా జోడిస్తే తరగతి తిరగబడినట్టు కాదు, మూడో అంతస్తు కట్టినట్టు. వినడం మూడింతలై, తనంతట తాను ఆలోచించే సమయం సున్నా అవుతుంది. పైగా ఫోను లేని ఇల్లు ఇక్కడ అరుదు. నిశ్శబ్దమైన గది ఉన్న ఇల్లు మాత్రం అంత సులభంగా దొరకదు. మనామాలో ఒకే ఫ్లాటును రెండు కుటుంబాలు పంచుకునే చోట, తల్లి నైట్ డ్యూటీలో, తండ్రి సైటు నుంచి ఇంకా రాని వేళ, పిల్లవాడు ఆ వీడియోను ఏ మూల కూర్చుని చూస్తాడు? ‘ఇంట్లో చూసి రండి’ అన్న చిన్న మాటలో ఎంత ఇల్లు దాగి ఉందో పుస్తకం రాసినవారికి కొంత తెలుసు. ఇంటర్నెట్ లేనివారికి డిస్కులు, పెన్‌డ్రైవులు ఇచ్చామని వారు రాశారు. సాధనం లేకపోతే ఇవ్వవచ్చు. గదిని, ఓపికను, పక్కన కూర్చునే మనిషిని ఇవ్వడం ఎలా?

సాధనంతోనే పని అయిపోతుందనుకున్న అనుభవం మన ఊళ్లకూ ఉంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. ఉద్దేశం మంచిదే. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తెర వెనుక ఉన్నవాడు మారవచ్చు, మాయం కావచ్చు. పిల్లవాడి నోటుబుక్కులో తప్పు ఎక్కడ జరిగిందో చూసే కన్ను మాత్రం తరగతిలోనే ఉండాలి.

మరి ఈ పద్ధతిని తోసిపుచ్చాలా? అక్కరలేదు, మోతాదు తెలుసుకుని వాడాలి. ముందుగా, వీడియో ఇస్తే ఆ రోజు హోంవర్కు ఇవ్వకూడదు. తీసివేత లేని కూడికను పిల్లలు మోయలేరు. వీడియో పది నిమిషాలకు మించకూడదు. అది చెప్పవలసింది నిర్వచనాలు, ఒకటి రెండు ఉదాహరణలు మాత్రమే. ‘ఎందుకు’ అన్న ప్రశ్నను తరగతికి దాచిపెట్టాలి. చూడలేకపోయిన పిల్లవాడికి తరగతిలోనే ఒక మూల, ఒక తెర, నింద లేని పది నిమిషాలు ఇవ్వాలి. మిగిలిన సమయంలో గురువు బల్ల దగ్గర కాక బెంచీల మధ్య ఉండాలి. ముప్ఫై అయిదుమంది ఉన్న తరగతిలో అందరినీ చూడలేనప్పుడు, వెనుకబడిన పదిమందితో మొదలుపెట్టాలి. చేతులెత్తే పిల్లల దగ్గరికి పిలవకుండానే వెళతాం. చేతులు దాచుకునేవారి దగ్గరికి వెళ్లడమే ఈ పద్ధతి ఇచ్చే అసలైన అవకాశం. చివరగా, ఫలితాన్ని మరుసటి వారం కొలిచి సంబరపడకూడదు. మూడు నెలల తరువాత అదే లెక్కను వేషం మార్చి ఇచ్చి చూడాలి.

ఉపాధ్యాయులు బెర్గ్‌మన్, శామ్స్ పుస్తకాన్ని తప్పక చదవాలి. సులభంగా, అహంకారం లేకుండా, తమ తప్పులు తామే చెప్పుకుంటూ రాసిన పుస్తకం. తల్లిదండ్రులకు ఖాన్ పుస్తకం మేలు. పిల్లల మీద విసుక్కునే అలవాటును కాస్తయినా తగ్గిస్తుంది. రెండూ చదివాక మిగిలే ప్రశ్న ఒకటే. పిల్లవాడి కలం ఆగిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు? దీనికి సమాధానం ఉన్న బడిలో తరగతిని తిరగేసినా, తిన్నగా ఉంచినా గణితం వస్తుంది. సమాధానం లేని బడిలో వీడియో అయినా నల్లబల్ల అయినా ఒకటే.