ఎవరి వాకిట్లోని కొయ్య?

మొన్న ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలో ఆఫ్రికా కొయ్య విగ్రహాల ఆల్బం ఒకటి దొరికింది. పూర్వీకుల రూపాలవి. ప్రతి బొమ్మ కిందా “ఆదిమ కళ, శిల్పి అజ్ఞాతం”. ఎవరి తాత రూపమో లేదు. ఇప్పుడెవరి సొత్తో మాత్రం ఉంది. వెంట ఉన్న మిత్రుడు అభ్యుదయవాదే. “పికాసో వీటిని చూసే గదా కొత్తదారి పట్టింది!” అని మెచ్చుకున్నాడు. ఆ వెంటనే “ఎంతైనా పితృపూజ మూఢనమ్మకమే” అని కొట్టిపారేశాడు. ఈ రెండు మాటలతోనే నా తగాదా.

కెన్యా తీరంలోని మిజికెండా జనులు పెద్దవాడు పోతే గట్టికొయ్యను నిలువుగా చెక్కి ఇంటి దగ్గర పాతుతారు. దానిని కిగాంగో అంటారు. అది సమాధి కాదు, పోయినవాడి ఆత్మకు నెలవు. కుటుంబం వేరే చోటికి తరలినా దాన్ని కదల్చరు. 1985లో మోనికా ఉద్వార్డీ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు ఒక రైతును, చనిపోయిన తన అన్నదమ్ములకు అతడు నిలిపిన రెండు కొయ్యల పక్కన ఫోటో తీసింది. కొద్దికాలానికే రెండూ దొంగల పాలయ్యాయి. 1999లో ఒక సభలో చూపిన స్లైడులో ఆమె ఒకదాన్ని గుర్తుపట్టింది: అది ఇల్లినాయ్‌లోని ఒక మ్యూజియంలో ఉంది! రెండోది హాంప్టన్ విశ్వవిద్యాలయంలో తేలింది. అవి 2006-07 దాకా కెన్యా గడ్డ తొక్కలేదు. రైతు అప్పటికే కన్నుమూశాడు. ఫోటో ఉంది గనుక ఇవి బయటపడ్డాయి. ఫోటో లేని ఇళ్ల మాటేమిటి? 2014లో డెన్వర్ మ్యూజియం ఒక్కటే 30 కొయ్యలను తిరిగి ఇస్తానని ప్రకటించింది.

“కళ” అన్న మాట ఆ కొయ్యకు ధర కట్టింది. “మూఢనమ్మకం” అన్న మాట దాన్ని పెరికినవాడి సిగ్గు పోగొట్టింది. మొదటిది బేరగాడి మాట, సరే. రెండోది మనదే గదా! ఆత్మలను నేనూ నమ్మను. అంతమాత్రాన నమ్మినవాడి వాకిలి దోచుకోవచ్చునా?

అక్కణ్ణించి నాంపల్లి వెళ్లాను. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఏడవ నిజాం ఇచ్చిన ఈజిప్టు మమ్మీ ఉంది. అదీ ఆఫ్రికా పూర్వీకుల దేహమే (ఈజిప్టు ఏ ఖండంలో ఉందో మనవాళ్లు తరచు మరచిపోతారు). ఒక మాస్టారు పిల్లలకు దాని వయసు చెబుతున్నాడు. ఏ సమాధి నుంచి తీశారు, ఎవరు అమ్మారు అన్నది ఆయనా చెప్పలేదు, పిల్లలూ అడగలేదు. అక్కడికి దగ్గర్లోనే ఏ.సి. గార్డ్స్ బస్తీ. ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువు చేసిన ఆఫ్రికా సంతతివారు నిలిచిన చోటది. ఆ మాస్టారు తన క్లాసును ఈసారి అక్కడికీ నడిపిస్తే బాగుండును.