అడవిలో ఏడు కుర్చీలు

నెలన్నరగా వారాంతాల్లో నేనూ, నా స్నేహితులు ముగ్గురూ కలిసి ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ తయారు చేస్తున్నాం. ఆఫీసు పని కాదు, పైసా రాదు, సొంత సరదా. ఓ రాజు, సైన్యం, మంత్రాలు, మధ్యలో పెద్ద అడవి, అడవిలో ఉండే జనం. ఈ అడవి జనం నిర్ణయాలెలా తీసుకుంటారో రాసే పని మాలో ఒకాయన నెత్తికెత్తుకున్నాడు. మొన్న శనివారం రాత్రి డిజైన్ డాక్యుమెంట్ పంపాడు. నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి గానీ, ఒళ్ళు మాత్రం మండింది.

అందులో ఏముందంటే, అడవి నడుమ ఓ మర్రిచెట్టు. దాని కింద ఏడు రాతి కుర్చీలు. వాటి మీద ఏడుగురు తెల్లగడ్డం ముసలాళ్ళు. రాజుగారి సైన్యానికి అడవిలోంచి దారి కావాలి, దానికి ఈ పెద్దల సభ ఒప్పుకోవాలి. ఆటగాడు మూడు పనులు చేసిపెట్టాలి. పోయిన దండం వెతకాలి, జబ్బుపడ్డ పిల్లని బాగు చెయ్యాలి, ఓ రాక్షసుణ్ణి చంపాలి. అప్పుడు సభ తలూపుతుంది. దారి తెరుచుకుంటుంది. అంతే సంగతులు.

పాపం, ఆయన్నొక్కణ్ణే అని లాభం లేదు. 1983లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో ఎలుగుబంటి పిల్లల్లాంటి ఈవాక్‌లకి కూడా ఓ పెద్దల సభే. 2009 నాటి డ్రాగన్ ఏజ్‌లో అడవి ఎల్ఫుల గుంపుకి ఒక పెద్దాయన, ఆయన సమస్య తీరిస్తే మీకు సైన్యం. 2023లో అందరం రాత్రుళ్ళు మేలుకుని ఆడిన బాల్డర్స్ గేట్ 3లో కూడా డ్రూయిడ్ల గూడెం తలుపులు మూసుకుంటుంది, వాళ్ళ పెద్దని విడిపించి తెస్తే కథ చక్కబడుతుంది. అడవి జనం అనగానే చెట్టు, గడ్డం, సభ. కాపీ పేస్ట్.

నాది పాలమూరు. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని 2016లో విడివిడి జిల్లాలైపోయాయి గానీ, నా లెక్కలో ఇంకా అదంతా పాలమూరే. ఈ మూడు చోట్లనీ తల్చుకుంటే మావాడి డాక్యుమెంట్‌లో తప్పు ఎక్కడుందో తేలిగ్గా దొరుకుతుంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నిజాంకి పేష్కష్ కట్టి, తమ హద్దుల్లో తామే రాజులుగా ఉన్నవాళ్ళ ఊళ్ళు. గద్వాలని కవిపండితుల ఆదరణ వల్ల విద్వద్గద్వాల అనేవాళ్ళు. కోట, దర్బారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలనే పద్ధతి, అర్జీ పెట్టుకోవడం, కానుక ఇవ్వడం, దొరగారి దయ. మావాడు చేసిందల్లా ఆ దర్బారుని ఎత్తుకెళ్ళి మర్రిచెట్టు కింద దించడం. తలపాగాలు తీసేసి గడ్డాలు అతికించాడు. అది సంస్థానమే గానీ అడవి కాదు.

మరి అడవిలో ఏముంది? నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట మీదుగా మన్ననూరు ఎక్కితే నల్లమల. అక్కడ చెంచులు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1940లో ఈ అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. ఆయన చూసింది ఏడు కుర్చీల సభని కాదు. కొద్ది కుటుంబాలు కలిసుండే చిన్న చిన్న పెంటలు. ప్రతిచోటా పెద్దమనిషి ఉంటాడు, నిజమే. కానీ ఆయన చేతిలో కర్ర లేదు, ఖజానా లేదు, బంట్రోతు లేడు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆయన మాటకి కాస్త బరువు, అంతవరకే. తగాదా తెగకపోతే? నచ్చనివాళ్ళు మూట కట్టుకుని, చుట్టాలున్న ఇంకో పెంటకి వెళ్ళిపోతారు. అమ్మ వైపో, నాన్న వైపో, పెళ్ళాం వైపో ఎవరో ఒకరు ఉంటారు. కోపం చల్లారాక తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

ఇది 1940 నాటి మాట, ఇప్పుడు పంచాయతీలూ, రేషన్ కార్డులూ, ఐటీడీఏ కూడా ఉన్నాయి. కానీ ఆ ఏర్పాటు ఎంత తెలివైనదో మన ఐటీ వాళ్ళకి ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. సెంట్రల్ సర్వర్ లేదు. ఎవరి కనెక్షన్ వాళ్ళు తెంపుకోవచ్చు. పెద్దమనిషి ఎక్కువ చేస్తే పొద్దున్నే లేచేసరికి ఆయన చుట్టూ గుడిసెలే ఉండవు. వెళ్ళిపోయే స్వేచ్ఛే అక్కడ రాజ్యాంగం.

ఇంకోటి కూడా చెప్పాలి. కొండ అంచున తేనెపట్టు తియ్యడానికి తాడు కట్టుకుని దిగినప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అని నల్లమల వైపు చెప్పుకుంటారు. తన అక్కచెల్లెల్ని విధవని చేసుకోడు కదా, అందుకని. నమ్మకం అనేది అక్కడ ఏ సభ తీర్మానంలోనూ లేదు, తాడు చివర ఉంది. మావాడి డాక్యుమెంట్ మొత్తంలో ఒక్క బావమరిది లేడు! ఏడుగురు ముసలాళ్ళకీ పెళ్ళాలూ లేరు, చుట్టాలూ లేరు. వాళ్ళు మనుషులు కాదు, అడవికి తగిలించిన తాళంకప్పలు.

సరే, గేమే కదా, ఇంత గొడవెందుకు అంటారా? అదే చెప్తున్నా. ఈ ఏడు కుర్చీల బొమ్మ ఎవరికి పనికొస్తుంది? లోపలి జనానికి అక్కర్లేదు. బయటినుంచి వచ్చేవాడికి కావాలి. వాడికి మాట్లాడడానికి ఒక ఎండ్ పాయింట్ కావాలి. వందమందిని వందసార్లు అడగడం కష్టం, ఒకడి చేత సంతకం పెట్టించడం సుఖం. అలాంటి ఒక్కడు లేకపోతే తయారు చేస్తారు. నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఇగ్బో జనానికి చాలాచోట్ల రాజులే లేకపోతే, బ్రిటిష్ వాళ్ళు కాగితం ముక్క చేతికిచ్చి 'వారంట్ చీఫ్'లని పుట్టించారు. 1929లో అక్కడి ఆడవాళ్ళు వేలమంది లేచి ఆ చీఫ్‌ల మీదా, పన్నుల మీదా తిరగబడ్డారు. మన గేముల్లో ఆ చీఫ్‌నే మళ్ళీ మళ్ళీ తయారుచేసి, పైగా జ్ఞాని అని పేరు పెడుతున్నాం.

మన దగ్గర ఇదేమీ పాతకథ కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ ఏరియానే రెండువేల చదరపు కిలోమీటర్ల పైన. అందులోని పల్లెల్నీ, పెంటల్నీ బయటికి తరలించాలనే మాట ఏళ్ళ తరబడి నడుస్తోంది. కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 2008లో పది లక్షలు, 2021లో పదిహేను లక్షలు అయింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అలా తరలించాలంటే ఆ గ్రామసభ తెలిసి, ఇష్టపడి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. గ్రామసభ అంటే ఏడుగురు పెద్దలు కాదు, ఊళ్ళో వయసొచ్చిన ప్రతి మనిషీ. 2012లో మార్చిన నిబంధనల్లో కోరం సగం మంది, అందులో కనీసం మూడోవంతు ఆడవాళ్ళు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ప్రకారమైతే తన పనులు తాను చూసుకునే చిన్న గూడెం కూడా ఒక గ్రామమే. గడ్డం ప్రస్తావన ఎక్కడా లేదు :)

గమనించండి, ఢిల్లీలో కూర్చుని చట్టం రాసిన గుమాస్తాలకి ఉన్నపాటి ఊహ మన ఫాంటసీ రచయితలకి లేకపోయింది.

మావాడు మొదట అన్నమాట, "పెద్దలంటే గౌరవం లేదా నీకు?" ఉంది బాబూ. కానీ పెద్దల పంచాయితీ అనగానే చేతులు జోడించేవాళ్ళు ఊళ్ళో కులపంచాయితీ చూసి ఉండరు. జరిమానాలు, వెలివెయ్యడాలు, ప్రేమపెళ్ళి చేసుకున్న పిల్లని ఇంటికి రానివ్వకపోవడాలు. నలుగురు ముసలాళ్ళ చేతిలో ఎదురులేని అధికారం పెడితే ఏమవుతుందో తెలంగాణ పల్లెలో పుట్టినవాడికి పాఠం చెప్పాలా? చెంచుల పెద్దమనిషి మంచివాడైతే, అధికారం లేకపోవడం వల్ల కూడా మంచివాడై ఉండొచ్చు. ఇక వాళ్ళలో ఆడవాళ్ళ మాటకి ఎప్పుడూ సమాన విలువ ఉండేదని నేనేమీ పాట పాడబోవడం లేదు. కోరంలో మూడోవంతు అని చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఊరికే రాశారా.

రెండో మాట, "ప్లేయర్‌కి క్లారిటీ కావాలి, ఎవరితో మాట్లాడాలో తెలియాలి." ఇదీ అసలు రోగం. మూడు పనులు చేస్తే ఎప్పుడైనా అవును అనే సభ సభ కాదు, చెక్‌బాక్స్. మనం రోజూ చదవకుండా నొక్కే 'ఐ అగ్రీ' లాంటిది. కాదు అనే హక్కు లేనివాణ్ణి అనుమతి అడగడమేంటి?

కాదు అంటే ఏమవుతుందో చూడాలంటే మన పక్కనే ఒడిశా ఉంది. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. రాక్షసుణ్ణి చంపి చూపించినా మారే సమాధానం కాదది. మన నల్లమలలో 2019 మేలో యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంటే, చెంచులూ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ రోడ్డెక్కారు, హైదరాబాద్‌లో సోషల్ మీడియా హోరెత్తింది, సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఈ రెండు కథల్లో ఎంత డ్రామా ఉందో చూడండి. కోర్టు, పోలీసులు, ఊరిలో చీలికలు, కంపెనీ ఇచ్చే ఆశలు, ఏ ఊరు ముందు ఏమంటుందోనన్న ఉత్కంఠ. ఇదంతా వదిలేసి పోయిన దండం వెతికిస్తున్నాడు మావాడు!

మూడో మాట బడ్జెట్. నలుగురం, వారాంతాలు, నిజమే. అందుకే నేను ఉత్తినే తిట్టకుండా ఆదివారం కూర్చుని బదులు రాశాను. పెంటలో పన్నెండు గుడిసెలు. ప్రతి గుడిసెకీ ఇంకో పెంటలో ఒకరిద్దరు చుట్టాలు, ఆ లింకుల టేబుల్ ఒక్కటి చాలు. ఆటగాడు ఎవరితో మాట్లాడినా ఆ మాట చుట్టరికం వెంట పాకుతుంది, మారిపోయి కూడా పాకుతుంది. పెద్దమనిషి ఉంటాడు, ఆయన చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకోవచ్చు కూడా. రాజుగారి ఆస్థానంలో అది చెల్లుతుంది. మర్నాడు పెంటకి వస్తే ఏడు గుడిసెలు ఖాళీగా ఉంటాయి, పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంటుంది, దారి చూపించేవాడు దొరకడు. సైన్యం అడవిలో తప్పిపోతుంది. అందరూ కలిసి వద్దంటే అది వద్దే. పాత సేవ్ ఫైలు తెరిచి మళ్ళీ అడిగినా వద్దే. కథ అక్కడ ఆగదు, రాజుగారికి ఆ మాట మోసుకెళ్ళి చెప్పాల్సింది ఆటగాడే. నా అంచనాలో అసలు గేమ్ అక్కడ మొదలవుతుంది.

నిన్న రాత్రి గంటన్నర కాల్ అయింది. చుట్టాల టేబుల్‌కి ఒప్పుకున్నారు, సేవ్ ఫైలు సంగతి మాత్రం ఇంకా తేలలేదు, ఆటగాళ్ళు బూతులు తిడతారని భయం. చివర్లో మావాడు నీరసంగా అన్నాడు, ఆ ఏడు రాతి కుర్చీల త్రీడీ మోడలింగ్ ఇప్పటికే అయిపోయిందట, రెండు వారాలు పట్టిందట. పారెయ్యొద్దులే, రాజుగారి కోటలో వేద్దాం అన్నాను.