ఎనిమిదీ ఎనిమిదే... దారే ఇరుకు!

తొంభైల్లో జోగిపేటలాంటి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఆ వీడియో గేమ్ కేసెట్లు గుర్తుండే ఉంటాయి. బొమ్మ రాకపోతే కేసెట్ బయటికి తీసి, ‘ఉఫ్‌’మని ఊది మళ్లీ పెట్టేవారు. ఆట మొదలయ్యేది. అది ఊదినందుకు కాదు, తీసి సరిగ్గా పెట్టినందుకే! ఆ డబ్బాలు చాలావరకూ 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు. అసలు మెషీన్లో పని చేసుకోవడానికి ఉన్న మెమరీ రెండు కిలోబైట్లు. ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తాన్నీ 40 కిలోబైట్లలో సర్దారు. అందుకే అందులో ఆకాశంలో మేఘానికీ, నేలమీద పొదకీ ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మేఘం, పచ్చ వేస్తే పొద!

మూడు దశాబ్దాలు గడిచేసరికి కొరత పోయింది కానీ, చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. 2013 నవంబరులో సోనీ పీఎస్4, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ వారం తేడాతో మార్కెట్లోకొచ్చాయి. రెండింట్లోనూ మెమరీ ఎనిమిది గిగాబైట్లే. ఫోన్ కొనేటప్పుడు ‘ఎనిమిది జీబీ ర్యామ్’ అన్న అంకె ఒక్కటే చూసేవాళ్లకి రెండూ సమానమే అనిపిస్తాయి. కానీ గోదాము ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, దాని ముందు రోడ్డు ఎంత వెడల్పన్నదీ చూడాలి. సంగారెడ్డి నుంచి జోగిపేటకి ఒకే వరుస దారిలో వచ్చే లారీలెన్ని, నాలుగు వరుసల్లో వచ్చేవెన్ని?

సోనీ ఖరీదైన జీడీడీఆర్5 మెమరీ తీసుకుంది. సెకనుకి 176 గిగాబైట్లు పారుతాయి. మైక్రోసాఫ్ట్‌ది చౌకైన డీడీఆర్3. దీని వేగం 68 మాత్రమే. వాళ్లేమీ తెలియక చేయలేదు. టీవీ కార్యక్రమాలూ, యాప్‌లూ, ఆటలూ ఒకే పెట్టెలో నడవాలంటే ఎనిమిది జీబీ తప్పనిసరి అనుకున్నారు. రూపకల్పన నాటికి జీడీడీఆర్5లో అంత మెమరీ అందుతుందన్న భరోసా లేదు. సోనీ కూడా మొదట నాలుగు జీబీతోనే లెక్క వేసుకుంది. ఇంతలో రెట్టింపు మెమరీ పట్టే చిప్‌లు అందుబాటులోకొచ్చాయి. 2013 ఫిబ్రవరిలో ఎనిమిదని ప్రకటించేసింది. సోనీ జూదం ఆడింది, కలిసొచ్చింది!

ఇరుకు దారికి విరుగుడుగా మైక్రోసాఫ్ట్ ప్రాసెసర్లోనే 32 మెగాబైట్ల ఈఎస్‌ర్యామ్ అమర్చింది. చాలా వేగం... కానీ వంటింటి గట్టంత చోటు. ఏది ఎప్పుడు దానిమీద పెట్టాలో, ఎప్పుడు తీయాలో గేమ్ రాసేవాళ్లే చూసుకోవాలి. పైగా అది చిప్‌లో చాలా స్థలం తినేసింది. దాంతో బొమ్మలు గీసే యూనిట్లు పీఎస్4లో 18 ఉంటే, ఇందులో 12కే పరిమితమయ్యాయి. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: ఘోస్ట్స్’ పీఎస్4లో 1080పీలో కనిపిస్తే, ఎక్స్‌బాక్స్‌లో 720పీలోనే వచ్చింది.

ధర కూడా దెబ్బే. కైనెక్ట్ కెమెరాతో కలిపి 499 డాలర్లు. పీఎస్4 399కే దొరికింది.

2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్న మన హైదరాబాదీ సత్య నాదెళ్లకి వారసత్వంగా వచ్చినవాటిలో ఈ పెట్టె కూడా ఉంది. కొద్ది నెలల్లోనే కైనెక్ట్ లేని ఎక్స్‌బాక్స్‌ని 399కే అమ్మకానికి పెట్టారు. మెమరీని మాత్రం అంత తొందరగా మార్చలేరుగా! అందుకు 2017 నవంబరు దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడొచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌లో 12 జీబీ జీడీడీఆర్5, సెకనుకి 326 గిగాబైట్ల వేగం. ఆ చిన్న గట్టు ఇక కనిపించలేదు.