చేతిలో పాసు, కూర్చోవడానికి చోటు లేదు



మన సంఘాలలో పిల్లలు జర్మనీలో, ఫ్రాన్సులో, ఇటలీలో ఉన్న తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. మొన్నటిదాకా పొలం గట్టు దాటని పెద్దలు కూడా వీసా కాగితాలు పట్టుకొని తిరుగుతున్నారు. "అక్కడ రైలు పాసు కొనుక్కొంటే ఎన్ని దేశాలైనా తిరగవచ్చునట గదా, నిజమేనా?" అని చాలామంది అడుగుతున్నారు. నిజమే. కాని అందులో మాకు తెలియని సంగతి ఒకటి ఉండి, దానివలన మేము బాగా నష్టపోయాము. డబ్బు నష్టం కాదు. అందుకే ఈ నెల ఆ విషయమే రాస్తున్నాము.

2023 జూన్ చివరలో మేమిద్దరం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాము. యూరైల్ పాసు ఇక్కడినుండే కొనుక్కొని వెళ్లాము. ఐరోపా బయట ఉండేవారి కోసం 1959లో మొదలైన పాసు అది. ఇప్పుడు 33 దేశాలలో చెల్లుతుంది. మేము కొన్నది ఒక నెలలో ఏ ఏడు రోజులైనా ప్రయాణం చేయగలిగే రకం. అరవై దాటిన వారికి నూటికి పది తగ్గింపు ఇస్తారు. పాసు అంటే పూర్వపు అట్ట కాదు, సెల్‌ఫోనులోనే ఉంటుంది. ప్రయాణం చేసే రోజు ఏ రైలో అందులో నమోదు చేసి, టికెట్టు చూడడానికి వచ్చిన వారికి ఆ గళ్ల బొమ్మ చూపించాలి. మొదట్లో మాకు చేతులు వణికాయి గాని రెండు రోజులలో అలవాటయింది.

మొదటి పది రోజులు జర్మనీలోనే తిరిగాము. 1517లో లూథరుగారు తన తొంభై అయిదు వాదాలతో సంస్కరణకు నాంది పలికిన విట్టెన్‌బర్గ్ చూశాము. దారిలో హాలే పట్టణంలో దిగాము. ట్రాంక్విబారుకు మొదటి మిషనరీలను తయారుచేసి పంపిన ఊరు అది. షుల్జ్ దొరగారు మన తెలుగులో రాసిన చిన్న పుస్తకాలు 1746 ప్రాంతంలో అచ్చయింది కూడా అక్కడే. మన దేశంలో తెలుగు అచ్చు ఎరుగని రోజులలో అంత దూరాన ఎవరో మన అక్షరాలు పోతపోశారని తలచుకొంటే ఒళ్లు పులకరించింది. దాని గురించి ఇంకొక నెల రాస్తాము.

ఈ ప్రయాణాలన్నిటిలో మేము సీటు రిజర్వు చేయనే లేదు. జర్మనీలో ఆ పద్ధతి లేదు. ఐసీఈ అనే పెద్ద వేగపు రైలయినా సరే, దేశం లోపల తిరిగేటప్పుడు పాసు ఉంటే ఎక్కి ఖాళీ చోట కూర్చోవచ్చు. కావాలనుకొన్నవారు అయిదారు యూరోలు కట్టి సీటు ఖాయం చేసుకొంటారు. సీటు పైన చిన్న తెరమీద ఆ సీటు ఎక్కడినుండి ఎక్కడికి తీసుకోబడిందో కనబడుతుంది. ఏమీ లేకపోతే అది మీదే. మాకు అది ఎంత సుఖంగా తోచిందంటే, "మన బెజవాడ స్టేషనులో కూడా ఇలా ఉంటే ఎంత బాగుండును" అనుకొన్నాము. ఆ సుఖమే మమ్ములను మోసం చేసింది.

పారిస్ దగ్గర మా పిన్నమ్మ ఉండేది. కాకినాడ పిల్ల, యానాం ఇంటి కోడలు. యానాం 1954లో మన దేశంలో కలిసినా ఫ్రెంచి కాగితాలు ఉంచుకొన్న కుటుంబాలలో వారిదొకటి. చిన్న వయసులోనే అక్కడికి వెళ్లిపోయింది. ఎనభై ఆరేళ్లు వచ్చినా గోదావరి యాస పోలేదు. మేము దిగిన రోజునుండి ఫోనులో ఒకటే మాట. "ఎప్పుడొత్తన్నావే అమ్మాయ్? బావగారికి కాళ్ల నొప్పులు తగ్గాయా?" మేము అనేవారము, "పాసు చేతిలో ఉంది పిన్నమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కేయడమే. ఇరవయ్యో తారీకు దాటాక వచ్చి వారం రోజులు నీ దగ్గరే ఉంటాము." మొదటి వారంలోనే రమ్మని ఆమె రెండుసార్లు అడిగింది. మేము వాయిదా వేశాము.

జూలై 12, బుధవారం తెల్లవారుజామున తమ్ముడి ఫోను వచ్చింది. "అక్కా, అమ్మ నిద్రలోనే ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది." భూస్థాపన శనివారం ఉదయం.

ఆ మధ్యాహ్నమే స్టేషనుకు వెళ్లాము. ఫ్రాంక్‌ఫర్ట్ నుండి పారిస్‌కు నేరుగా వేగపు రైలు ఉంది. నాలుగు గంటల ప్రయాణం. కౌంటరులో ఉన్న అమ్మాయి మా ఫోను చూసి తల అడ్డంగా ఊపింది. ఫ్రాన్సుకు వెళ్లే ఆ రైళ్లకు పాసు ఒక్కటే చాలదు, సీటు రిజర్వేషను తప్పనిసరి. అది కూడా ఒక్కొక్క రైలులో పాసువారికని కొన్ని సీట్లే కేటాయిస్తారు. మన దేశంలో లేడీస్ కోటా, సీనియర్ కోటా ఉన్నట్టే అదొక కోటా. శుక్రవారం జూలై 14, ఫ్రెంచివారి జాతీయ దినం. వరుసగా మూడు రోజులు సెలవులు. గురువారం, శుక్రవారం రెండు రోజులకూ పాసు కోటా ఎప్పుడో నిండిపోయింది.

"మరి రైలులో చోటే లేదా?" అని అబ్బాయి అడిగాడు. చోటు ఉంది. పూర్తి ధర పెట్టి కొత్త టికెట్టు కొనేవారికి ఉంది. ఇద్దరికీ కలిపి లెక్క వేస్తే మా పాసుల ఖరీదులో సగానికి దగ్గరగా వచ్చింది. అబ్బాయి "నేను కడతాను నాన్నా" అన్నాడు. వాడి ఇంటి అద్దె ఎంతో మాకు తెలుసు. సాయంత్రందాకా ఆలోచించుకొందాం అన్నాము. సాయంత్రం చూస్తే ఆ టికెట్లు కూడా లేవు. ఒకే విషయంలో రెండుసార్లు వాయిదా వేసినవారిని ఏమనాలో పాఠకులే చెప్పాలి. రాత్రి బస్సు ఉందిగాని రాత్రంతా కూర్చోగల నడుములు కావు మావి.

పెండ్లి విందుకు పిలువబడినవాడికి కూడా ఏ చోట కూర్చోవాలో పిలిచినవాడే చెప్పాలి గదా. పిలుపు వేరు, చోటు వేరు. ఆ రాత్రి మాకది తలకెక్కింది.

వేగపు రైళ్లకే ఈ నిబంధన గాని చిన్న రైళ్లకు లేదు. అబ్బాయి అర్ధరాత్రి దాకా కూర్చొని పాసు చెల్లే చిన్న రైళ్లతో ఒక దారి గీశాడు. గురువారం చీకటితోనే బయలుదేరాము. ఫ్రాంక్‌ఫర్ట్ నుండి కొలోన్‌కు ఐసీఈ. సెలవుల రద్దీ, సీట్లన్నిటి మీదా పేర్లు. తలుపు దగ్గర నిలబడితే ఒక విద్యార్థి తన సీటు చూపించాడు. మాలో ఒకరము కూర్చుంటే ఒకరము నిలబడ్డాము. కొలోన్ నుండి ఆహెన్, అక్కడినుండి సరిహద్దు దాటి బెల్జియంలో లియేజ్, తరువాత బ్రస్సెల్స్. మధ్యాహ్నం అక్కడ బెంచీ మీద కూర్చొని కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాము. తూర్నే మీదుగా ఫ్రాన్సులోని లీల్. ఆ ఊరిలో రెండు స్టేషన్లు ఉన్నాయి. వేగపు రైళ్లది ఎక్కువగా ఒకటి, చిన్న రైళ్లది ఇంకొకటి. పెట్టె లాక్కొంటూ తప్పు స్టేషను దాకా వెళ్లి వెనక్కు వచ్చాము. లీల్ నుండి అమియెన్, అమియెన్ నుండి పారిస్. ఏడు రైళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకు చేరాము. పాసులో మాత్రం అదంతా ఒక్క రోజు కిందే లెక్క, ఎన్ని రైళ్లు ఎక్కినా సరే.

తమ్ముడు ప్లాట్‌ఫారం మీద మమ్ములను పట్టుకొని ఏడ్చాడు. శనివారం భూస్థాపనలో ఫ్రెంచి పాటల మధ్య ఒక తెలుగు పాట పాడించారు. మా ఇద్దరి గొంతులు, తమ్ముడిది, ఇంకో ఇద్దరివి. ఆమెను సజీవంగా చూసే అవకాశం రెండు వారాలు మా చేతిలో ఉండింది. ఆ సంగతి తమ్ముడు అనలేదు. అనకపోవడమే మాకు బరువైంది.

వెళ్లదలచినవారికి మాకు తెలిసినంతలో చెప్తాము. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోపల చాలా రైళ్లకు రిజర్వేషను అవసరం లేదు. ఫ్రాన్సులో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్‌లో ఏవీఈ, లండన్ వెళ్లే యూరోస్టార్, వీటన్నిటికీ తప్పనిసరి. పాసుకు అదనంగా పది యూరోల దగ్గరనుండి, యూరోస్టార్‌కైతే ముప్పై పైన కూడా అవుతుంది. రెండు నెలల ముందే, ఇండియాలో ఉండగానే పిల్లల చేత చేయించండి. జూలై, ఆగస్టు, క్రిస్మసు, ఈస్టరు రోజులలో మరీ ముందు. పదకొండేళ్ల లోపు మనవలకు పెద్దల వెంట పాసు ఉచితమే గాని సీటుకు మాత్రం డబ్బు కట్టాలి. తేదీ ఖాయం కాలేదని రిజర్వేషను ఆపకండి. ఆ రుసుము పోయినా పదో ఇరవయ్యో యూరోలు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు రెండంతస్తుల టీజీవీలో కింది అంతస్తు అడగండి, మెట్లు ఇరుకు. ప్లాట్‌ఫారం నెంబరు ఇరవై నిమిషాల ముందే తెలుస్తుంది, రెండు నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు. మన రైలులా కదిలేటప్పుడు ఎక్కడం కుదరదు.

పాసు కొనాలా, విడిగా టికెట్లు కొనాలా అంటే, ఒకటి రెండు చోట్లకే వెళ్లేవారికి ముందుగా కొన్న మామూలు టికెట్టే చవక. నాలుగైదు దేశాలు తిరిగేవారికి పాసు.

ఆదివారం తమ్ముడు మమ్ములను స్టేషనుకు తీసుకువెళ్లి తిరుగు ప్రయాణానికి కౌంటరులో అడిగాడు. బుధవారానికి గాని పాసు సీట్లు లేవు. రెండు సీట్లు, కింది అంతస్తు, పక్కపక్కనే. డబ్బు మేమే కట్టాము, తమ్ముణ్ణి కట్టనివ్వలేదు. ఆ మూడు రోజులు పిన్నమ్మ గదిలోనే పడుకొన్నాము. ఆమె మా కోసం కాకినాడనుండి తెప్పించి పెట్టిన కాజాల డబ్బా, మూత తీయకుండా, అలమరలో ఉంది.